కట్టేసిన ఓడకి వాటా

మంగళవారం పొద్దున్నే రేవులోంచి మూడు ఓడలు ఒకదాని వెనక ఒకటి బయల్దేరాయి. మూడూ వెళ్లేది ఒకే ఊరికి. మూడింటి మీదా కంటెయినర్లు సగానికి మించి లేవు.

పెద్దాయన కూతురు ఆఫీసు కిటికీ దగ్గర నిలబడి వాటినే చూస్తోంది. ముందు పోతున్నది తండ్రి ఓడ. దాని వెనకది మేనమామది. చివరగా అలల మీద ఊగుతూ పోతున్న బుల్లి ఓడ కెప్టెనమ్మది.

"ఊరేగింపు బాగుంది. బాజాలొక్కటే తక్కువ," అన్నాడు వెనకనుంచి గుమస్తా.

ఆమెకు నవ్వు రాలేదు. ఏ ఓడ ఏ రోజు ఏ రేవుకి వెళ్లాలో, ఏ పెట్టె ఎక్కడ దిగాలో తేల్చడమే ఆమె ఉద్యోగం. ముప్పై అయిదు దాటి, ఇద్దరు పిల్లల తల్లయినా రేవులో అందరికీ ఆమె ఇంకా 'అమ్మాయే'. క్రేన్ నడిపేవాళ్ల దగ్గర్నుంచి కస్టమ్స్ ఏజెంట్ల దాకా ఏ చిక్కొచ్చినా "అమ్మాయినడగండి" అనేవారు. ఆ అమ్మాయికి ఆ పొద్దున్న కళ్లముందు కనబడుతున్నది మూడు ఓడల ఆయిల్ ఖర్చు. మోస్తున్నది మాత్రం ఒకటిన్నర ఓడల సరుకు.

తండ్రికి అయిదు ఓడలు. మేనమామకి మూడు. ఒకప్పుడు ఇద్దరూ కలిసే పెట్టిన కంపెనీ అది. కొత్త దారిలో ఓడ నడుపుదామని మేనమామ అన్నాడు, వద్దని పెద్దాయన అన్నాడు. మాటా మాటా పెరిగి, "నా నీడన బతికేవాడివి నువ్వు నాకు చెప్తావా" అని పెద్దాయన నోరు జారాడు. ఆ సాయంత్రమే మేనమామ తన బల్లమీది సామాను అట్టపెట్టెలో సర్దుకుని వెళ్లిపోయాడు. అప్పు చేసి పాత ఓడొకటి కొని, దానికి తన అక్క పేరు పెట్టాడు. అక్కంటే పెద్దాయన భార్య. తన పెళ్లాం పేరు బావమరిది ఓడ మీద చూసినప్పుడల్లా పెద్దాయనకి ఒళ్లు మండేది. రేవులో అందరూ దాన్ని 'అక్క ఓడ' అనేవారు.

అప్పట్నుంచీ బావాబావమరుదులకి మాటల్లేవు. చెప్పుకోవలసినవన్నీ ఆవిడ ద్వారానే నడిచేవి.

"రెండో నంబరు బెర్తులో గురువారం ఆగేది మా ఓడే. మీ తమ్ముడికి చెప్పు," అనేవాడు ఈయన, భోజనం చేస్తూ.

"బెర్తు ఆయన తాతగారు కట్టించింది కాదని బావకి చెప్పక్కా," అనేవాడు అతను, ఫోన్లో.

ఆవిడ రెండు చెవుల్లోనూ రెండు ఫోన్లు పెట్టుకున్నట్టుగా బతికింది అన్నేళ్లూ.

ఇక కెప్టెనమ్మ. భర్త కెప్టెను. ఉన్నదంతా పెట్టి చిన్న ఓడ కొన్న రెండేళ్లకే గుండెపోటుతో పోయాడు. అమ్మేయమన్నారు అందరూ. ఆవిడ అమ్మలేదు. ఓడ లోతు తక్కువ కాబట్టి, నది సముద్రంలో కలిసే మొగలోంచి లోపలికి పోయి, పెద్ద ఓడలు తొంగిచూడలేని నది రేవు నుంచి సరుకు తెచ్చేది. మిగతా రోజుల్లో అందరితోపాటు పెద్ద రేవులకి పరిగెత్తి నష్టపోయేది.

ముగ్గురూ ఇలా ఒకరి కస్టమర్లని ఒకరు లాక్కుంటూ ఉండగా బయటి నుంచి పెద్ద కంపెనీ ఒకటి దిగింది. దాని ఓడ వారం వారం చెప్పిన రోజుకి వస్తుంది, చెప్పిన గంటకి పోతుంది. రేటు కూడా తక్కువ. పెద్దాయన దగ్గర మొదటినుంచీ ఉన్న పింగాణీ పలకల వ్యాపారి ఒకరోజు వచ్చి, కుర్చీ అంచుమీద కూర్చుని, "మీ మొహం చూస్తే మొహమాటంగానే ఉందండీ. కానీ మీ ఓడ శుక్రవారం వస్తుందో ఆదివారం వస్తుందో మీకే తెలీదు. నా సరుకు అందక అక్కడ ఇళ్లు కట్టేవాళ్లు నన్ను తిడుతున్నారు," అని చెప్పి వెళ్లిపోయాడు.

ఆయన మెట్లు దిగిన చప్పుడు ఆగకముందే అమ్మాయి తండ్రి గదిలోకి వెళ్లింది.

"నాన్నా, మనం ముగ్గురం కలిసి ఓడలు నడపాలి."

"ఏ ముగ్గురం?"

"మనమూ, మామయ్యా, కెప్టెనమ్మ పిన్నీ."

పెద్దాయన కళ్లజోడు తీసి బల్లమీద పెట్టాడు. "వాడి సంగతి తర్వాత. ఆవిడకున్నది ఒక్క ఓడ. ఒక్క ఓడతో ఆవిడేం చేస్తుంది?"

"మనకి అయిదున్నాయిగా. నది రేవులోకి ఒక్కటైనా వెళ్లగలదా?"

ఆయన మళ్లీ కళ్లజోడు పెట్టుకున్నాడు. అది ఒప్పుకోవడం కాదు గానీ, కాదనడమూ కాదు.

*

ముగ్గురూ మాట్లాడుకోవడానికి కస్టమ్స్ ఏజెంట్ల సంఘం వాళ్ల మేడమీది గది అద్దెకి తీసుకున్నారు. ఎవరి ఆఫీసుకి ఎవరొచ్చినా తగ్గినట్టవుతుంది కాబట్టి. పొడుగాటి బల్ల, గోడకి తెల్లబోర్డు, తిరిగినప్పుడల్లా మూలిగే ఫ్యాను. ఎవరూ పిలవకుండానే అమ్మ వచ్చి భర్తకీ తమ్ముడికీ మధ్య కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నువ్వెందుకు?" అన్నాడు పెద్దాయన.

"ఇక్కడ మాట్లాడుకోవాలి కదా. నేను లేకపోతే ఎట్లా మాట్లాడుకుంటారు?"

కెప్టెనమ్మ నవ్వాపుకోలేక కిటికీవైపు తిరిగింది.

కూర్చున్న అయిదు నిమిషాలకే వాటాల గొడవ మొదలైంది. ఓడల లెక్కన పంచాలన్నాడు పెద్దాయన, ఆయనకే ఎక్కువున్నాయి గనక. కస్టమర్ల లెక్కన పంచాలని మేనమామ, అతనికి ఈమధ్య కస్టమర్లు పెరిగారు గనక. కెప్టెనమ్మ మాత్రం, "మీరిద్దరూ పంచుకోగా అడుగున మిగిలింది నాకిస్తారా, గిన్నె కడుక్కోమంటారా?" అంది.

"పంచుకోవడానికి ముందు ఏదైనా ఉండాలిగా," అంది అమ్మాయి. "ముందు ఓడల సంగతి చూద్దాం."

బోర్డు మీద గీసి చూపించింది. ఎవరి ఓడ అన్నది మరిచిపోయి మొత్తం తొమ్మిదింటినీ ఒకే కంపెనీవి అనుకుంటే, అన్ని రేవులకీ వారం వారం, ఒకే రోజున, నిండుగా వెళ్లొచ్చు. తండ్రి దగ్గర ఖాళీ కంటెయినర్లు ఇక్కడ గుట్టలు పడి ఉన్నాయి. మేనమామ అవతలి రేవులో ఖాళీ పెట్టెలు అద్దెకి తెచ్చుకుంటున్నాడు. అదీ తప్పుతుంది. నది రేవు సరుకంతా కెప్టెనమ్మ తెచ్చి పెద్ద ఓడలకి అందిస్తుంది. ఇవన్నీ చెయ్యడానికి తొమ్మిది ఓడలు అక్కర్లేదు, ఏడు చాలు.

"మిగతా రెండూ?" అడిగాడు మేనమామ.

అమ్మాయి బోర్డు మీంచి చూపు తిప్పకుండా చెప్పింది. "తిప్పకుండా రేవులో కట్టేయాలి. నాన్నది పాత ఓడొకటి. మీది... అక్క ఓడ. అన్నిటికంటే ఆయిల్ ఎక్కువ తాగేవి ఆ రెండే మామయ్యా. కట్టేసినా మీ వాటా మీకొస్తుంది."

"నాది కట్టేయ్. ముసలిదైపోయింది," అన్నాడు పెద్దాయన వెంటనే. ఆ తొందరే కొంప ముంచింది.

మేనమామ లేచి నిలబడ్డాడు. "అక్కా, బావకి చెప్పు. ఆయన పక్కనున్నప్పుడు నేను ఆయన నీడలో ఉన్నానన్నాడు. ఇప్పుడు నా ఓడ లంగరేసుకుని కూర్చుంటే వాటా పడేస్తాడట. పనిచెయ్యని ఓడకి వాటా ఏమిటి? దాన్ని ముష్టి అంటారు." తలుపు దగ్గర ఆగి మేనకోడలివైపు చూశాడు. "నువ్వు కూడా అమ్మాయ్!"

అతను వెళ్లాక కెప్టెనమ్మ లేచి ఫ్యాను ఆపింది.

*

నాలుగు రోజుల తర్వాత అక్క ఓడ రేవుకి తిరిగొచ్చింది. అమ్మ కూతురికి ఫోను చేసి, "కారు తీసుకురా. నన్ను ఆ ఓడెక్కించు," అంది.

ఆవిడ ఆ ఓడ ఎన్నడూ ఎక్కలేదు. తమ్ముడు ఎన్నోసార్లు పిలిచాడు. ఎక్కితే భర్త చిన్నబుచ్చుకుంటాడు, ఎక్కనంటే తమ్ముడు బాధపడతాడు. అందుకని ప్రతిసారీ మోకాళ్ల నొప్పి వంక పెట్టేది. ఆ రోజు మాత్రం ఊగే నిచ్చెనమెట్లు రెండు చేతులా పట్టుకుని, "నా మోకాళ్లకేమీ లేదు, ఎవరికీ చెప్పకు," అని గొణుగుతూ ఎక్కేసింది.

పైన తమ్ముడు ఆవిణ్ణే చూస్తూ నిలబడిపోయాడు.

"లోపలికి రమ్మనవా?"

అన్నీ తిప్పి చూపించాడు. ముందుభాగం మీద ఆవిడ పేరు, నీళ్లలో పడ్డవాళ్లకి విసిరే వలయాల మీద ఆవిడ పేరు. భోజనాల గదిలో వంటవాడు ఉత్సాహంగా తెచ్చి చూపించిన పళ్లేల అంచున కూడా ఆవిడ పేరే.

"పళ్లేల మీద కూడానా!" అంది ఆవిడ. "ఇన్నాళ్లూ అందరూ నా నెత్తినే అన్నం తింటున్నారన్నమాట."

వంటవాడు పగలబడి నవ్వాడు. మేనమామ నవ్వలేదు. వంటవాడు లోపలికి వెళ్లేదాకా ఆగి, అమ్మాయితో నెమ్మదిగా అన్నాడు. "నేను పౌరుషానికి పోయాననుకుంటున్నావు. పోయాను, కాదనను. కానీ ఒక్కటి చెప్పు. నీ లెక్కలో ఆయిలుంది, రేవు రుసుముంది, క్రేన్ల అద్దె ఉంది. ఈ వంటవాడున్నాడా? కింద ఇంజను రూములో ఉన్నవాళ్లున్నారా? ఓడ కట్టేసిన మర్నాడు వీళ్లంతా ఎక్కడికి పోతారు?"

అమ్మాయి అబద్ధం చెప్పొచ్చు. చెప్పబుద్ధి కాలేదు.

"ఉన్నారు మామయ్యా. వాళ్ల జీతాలు ఆదా కింద రాశాను."

అతను తలూపాడు. కోప్పడి ఉంటే బాగుండుననిపించింది ఆమెకి. రెండు ఓడల మనుషులని ఒక్క గీతతో కొట్టేసి, ఆ మొత్తం చూసుకుని తను సంతోషపడిన సాయంత్రం గుర్తొచ్చింది. బోర్డు మీద గీసినప్పుడు అవి ఓడలే గాని, వాటిలో పళ్లేలు కడుగుతున్నవాళ్లెవరూ కనబడలేదు.

"మళ్లీ వేస్తాను," అంది. "కట్టేసిన ఓడల మనుషుల జీతాలు ముందు పక్కన పెట్టాకే లాభం అన్న మాట మొదలవుతుంది. ఏడు ఓడల మీదా అందరూ వంతులవారీగా పనిచేస్తారు. ఒక్కొక్కళ్లకీ ఇంటి దగ్గర ఉండే రోజులు పెరుగుతాయి. మిగిలేది తగ్గుతుంది, అయినా మిగులుతుంది."

"మీ నాన్న ఒప్పుకోవద్దూ?"

"ఆయన ఓడ కూడా కట్టేస్తున్నాంగా. ఆ మనుషుల గురించి ఆయన మాత్రం ఆలోచించలేదా ఏం? అడగడానికి నామోషీ పడ్డాడు," అంది అమ్మ.

"మరి ముష్టి సంగతి?" అన్నాడు మేనమామ. గొంతులో వేడి తగ్గింది గానీ పట్టు వదల్లేదు.

అమ్మాయి కుర్చీ ముందుకి లాక్కుంది. "మీ ఓడ కూడా తిరిగితే అన్ని ఓడలూ మళ్లీ సగం ఖాళీగా తిరుగుతాయి. దీని మీద రావలసిన సరుకు వాటిమీద ఎక్కితేనే అవి నిండుతాయి. అవి సంపాదించే దాంట్లో ఇది కట్టి ఉన్నందువల్ల వచ్చింది ఎంతో కొంత ఉంటుంది కదా. అది మీదే. ఎవరూ ఇవ్వట్లేదు మీకు."

మేనమామ కిటికీలోంచి డెక్కు వైపు చూపు తిప్పాడు.

"ఒరేయ్, నా పేరు పెట్టేముందు నన్నడిగావా?" అంది అమ్మ. "అడిగితే చెప్పేదాన్ని. నిన్నూ మీ బావనీ మోసీ మోసీ నాకే నడుం పడిపోయింది. నా పేరున్నది మాత్రం ఎన్నాళ్లు తిరుగుతుంది? దాన్ని కాస్త కూర్చోనీ. నన్నూ కూర్చోనీండి."

అతను తల తిప్పి అక్కని చూశాడు. ఆవిడ జుట్టు ఎప్పుడు అంతలా నెరిసిపోయిందో అతనికి తెలీదు.

"టీ తాగుతావా అక్కా?" అన్నాడు.

*

వాటాల లెక్క అమ్మాయి ముందుగా తల్లికే చెప్పింది, వంటగదిలో. తల్లికి అర్థమైతే ఎవరికైనా అర్థమవుతుందని కాదు. తల్లి అడిగినన్ని ప్రశ్నలు ఇంకెవరూ అడగరని.

"ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు గదిలోకొచ్చారనుకో అమ్మా. ముందు నాన్నొచ్చారు. ఆయన ఒక్కరికే వచ్చేదెంతో అది ఆయనది. తర్వాత మామయ్య వచ్చాడు. ఇద్దరూ కలిస్తే పెరిగిందెంతో అది మామయ్యది. చివరికి పిన్ని వచ్చాక ఇంకా పెరిగింది పిన్నిది."

"చివర వచ్చినవాళ్లకే లాభం కదే అట్లా అయితే? అన్నీ కుదిరాక వస్తారు."

"అందుకే ఒక్క వరసే చూడను. పిన్ని ముందొస్తే ఎంత, మధ్యలో వస్తే ఎంత, మామయ్య చివరొస్తే ఎంత... ఎన్ని వరసలు కుదురుతాయో అన్నీ వేసి, సరాసరి తీస్తాను. ఎవరొచ్చినందువల్ల ఎంత పెరిగిందో అదే వాళ్ల వాటా."

తల్లి పొయ్యి మంట తగ్గించి ఆలోచించింది. "అంటే ఎన్ని ఓడలున్నాయని కాదు, తను లేకపోతే ఎంత లోటో చూస్తావు."

"అంతే."

"మీ నాన్న ఊరుకోరు."

ఊరుకోలేదు. లెక్క తేలేసరికి పెద్దాయనది సగానికి కాస్త తక్కువైంది. కెప్టెనమ్మది దాదాపు నాలుగో వంతు. నది రేవు సరుకు ఆవిడ లేకుండా ఎవరికీ అందదు, ఆ సరుకు లేకపోతే పెద్ద ఓడలు నిండవు.

"ఒక్క ఓడకి నాలుగో వంతా!" అని ఆయన ఆ కాగితం బల్లమీద పడేసి లేచిపోయాడు. కట్టేసే ఓడల మనుషుల జీతాలకి మారుమాటాడకుండా ఒప్పుకున్న మనిషి, దీనికి మాత్రం వారం రోజులు కూతురితో ముభావంగా ఉన్నాడు.

ఆదివారం భోజనాల దగ్గర అసలు సంగతి బయటపడింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆయన పెద్ద కంపెనీ మేనేజరుని కలిసొచ్చాడు. తన అయిదు ఓడలూ వాళ్లు అద్దెకి తీసుకుంటారు. సరుకున్నా లేకపోయినా అద్దె ఆగదు. ఓడలకి వాళ్ల రంగు వేసుకుంటారు.

"మీ లెక్కలూ మీరూ," అన్నాడు, కూతురు ఎగిరిపడుతుందని ఎదురుచూస్తూ.

ఆమె ఎగిరిపడలేదు. చెయ్యి కడుక్కొచ్చి, ఆ కంపెనీ ఇచ్చిన కాగితం అడిగి తీసుకుని, రెండుసార్లు చదివింది. సోఫాలో కూర్చుని చాలాసేపు లెక్కవేసింది.

"నాన్నా, నాదే తప్పు," అంది చివరికి. "మీరు ఒంటరిగా ఉంటే వచ్చేది నేను తక్కువ వేశాను. ఇది చూశాక ఆ అంకె పెరుగుతుంది. అప్పుడు మీ వాటా సగం దాటుతుంది. మిగతా ఇద్దరికీ తగ్గుతుంది. రేపు వెళ్లి చెప్తాను."

పెద్దాయన దెబ్బలాటకి సిద్ధమై కూర్చున్నాడు. ఎదుటివాళ్లు చేతులు దించేస్తే ఏం చెయ్యాలో తోచక, "పెరుగు వెయ్యి," అన్నాడు భార్యతో.

మర్నాడు మేనమామ వినగానే, "చివరికి మీ నాన్న కూతురివనిపించుకున్నావు," అన్నాడు. ఆ మాట వస్తుందని ఆమెకి తెలుసు. తెలిసినా కళ్లలో నీళ్లు తిరిగాయి. అక్కడే ఉన్న కెప్టెనమ్మ చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని, మామూలు గొంతుతో అడిగింది.

"మీ నాన్న వెళ్లిపోతే, మేమిద్దరం కలిసి నడిపితే నాకెంతొస్తుందమ్మాయ్?"

చెప్పింది.

"ఆయన ఉంటే? ఈ కొత్త వాటాతోనే."

చెప్పింది. అది రెండో మాటకి తావులేనంత ఎక్కువ.

"మరి ఏడుపెందుకు? మా ఆయన పోయినప్పుడు అందరూ నా మీద జాలిపడ్డారు. సరుకు మాత్రం ఒక్కరూ ఇవ్వలేదు. అప్పట్నుంచీ నాకు జాలంటే భయం. ఈ పిల్ల జాలి పడకుండా లెక్క చెప్తోంది. నేను సంతకం పెడతాను." మేనమామ వైపు తిరిగింది. "మీరు కూడా పెట్టండి తమ్ముడూ. వాళ్ల నాన్న అడిగించి ఉంటే ఇది ఇలా ఏడుపు మొహంతో వచ్చేదా?"

మళ్లీ మేడమీది గదిలో అందరూ కూర్చున్నప్పుడు, కాగితాలు ముందుకి రాకముందే పెద్దాయన కూతుర్ని సూటిగా అడిగాడు. "వాటా పెంచమని నేనడిగానా?"

"లేదు నాన్నా."

"అది అందరూ వినాలనే అడిగాను."

మేనమామ బల్లమీద వేళ్లతో తాళం వేశాడు. తర్వాత ఇన్నేళ్లలో మొదటిసారి, అక్క వైపు చూడకుండా, నేరుగా అన్నాడు.

"వాళ్లకిస్తే ఓడలకి వాళ్ల రంగేస్తారట కదా బావా."

అమ్మ భర్త వైపు తిరిగింది.

"వేస్తారట," అన్నాడు పెద్దాయన. కొంచెం ఆగి, "నువ్వు ఆకుపచ్చ అన్నావు అప్పట్లో. నేనే నీలం అని పట్టుబట్టాను."

"నీలమే బాగుంది బావా. నేను కొన్నాక నా వాటికీ నీలమే వేయించాను. మీరు చూళ్లేదా?"

"చూశాను. నన్ను వెక్కిరించడానికి వేశావనుకున్నాను."

అమ్మ కుర్చీ వెనక్కి జరుపుకుని లేచింది. "నేను కిందికెళ్లి టీ చెప్పొస్తాను. ఇక మీరు మీరు మాట్లాడుకోండి," అని వెళ్లింది. చాలాసేపు రాలేదు.

*

సంతకాలయ్యాక మొదటి నెలలు కష్టంగానే గడిచాయి. పెద్ద కంపెనీ రేటు ఇంకా తగ్గించింది. రెండు ఓడల మనుషుల జీతాలు పోగా మిగిలిందాన్ని ముగ్గురికీ పంచి పంపినప్పుడు మేనమామ ఫోను చేసి, "ఇది వాటానా, బస్సు చార్జీనా?" అన్నాడు. కానీ మంగళవారం వెళ్లవలసిన ఓడ మంగళవారమే వెళ్లింది. ప్రతి మంగళవారం వెళ్లింది. వర్షాకాలం అయ్యేసరికి పింగాణీ పలకల వ్యాపారి మళ్లీ వచ్చి, ఈసారి కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చున్నాడు. అక్క ఓడ వంటవాడు పెద్దాయన ఓడల మీద కూడా వండుతున్నాడు. పళ్లేల మీద పేరు లేదని ఒక్కటే అతని ఫిర్యాదు.

రెండో ఏడు మొదట్లో నది మొగ దగ్గర తవ్వోడ వచ్చి నిలబడింది. ఇసుక తోడి లోతు చేస్తున్నారు. అది పూర్తయితే మేనమామ ఓడలు కూడా నది రేవుకి వెళ్లగలవు.

ఏటా వాటాలు తిరిగి చూడాలని ఒప్పందంలో రాసుకున్నారు. అమ్మాయి లెక్క వేసింది. కెప్టెనమ్మ వాటా సగానికి సగం పడిపోయింది. ఆమె మరోసారి వేసింది, ఎక్కడైనా పొరపాటు దొరుకుతుందేమోనని. దొరకలేదు. జాలి వద్దన్న ఆవిడకే ఈ మాట తన నోటితో చెప్పాలి. సాయంత్రం వాళ్లింటికి వెళ్లి, ఇచ్చిన మంచినీళ్లు తాగుతూ ఎక్కణ్ణుంచి మొదలెట్టాలా అని చూస్తోంది.

"నాకు తెలుసులే," అంది కెప్టెనమ్మ. "ఆ తవ్వోడని నేను రోజూ చూస్తూనే ఉన్నాను. ఎంతకి తగ్గింది?"

చెప్పింది.

కెప్టెనమ్మ గోడమీద భర్త ఫొటో వైపు ఒకసారి చూసి, చీర కొంగుతో మొహం తుడుచుకుంది. బాధ దాచుకోవాలని కూడా ప్రయత్నించలేదు. "పోనీలే. పెరిగినప్పుడు నీ లెక్క మంచిదీ, తగ్గినప్పుడు చెడ్డదీ అంటానా? కాస్త ఏడ్చి రేపొస్తాను మీటింగుకి."

మీటింగులో అందరికంటే ముందు పెద్దాయనే మాట్లాడాడు. "చెల్లెమ్మ వాటా కదల్చొద్దు. అలాగే ఉండనీ. నాది తగ్గించుకో."

ఒక్క ఓడకి నాలుగో వంతా అని కాగితం విసిరికొట్టిన మనిషే ఆ మాటన్నాడు. మేనమామ, "నాది కూడా," అన్నాడు.

"వద్దన్నయ్యగారూ," అంది కెప్టెనమ్మ. "ఈ ఏడు మీరు మొహమాటానికిస్తారు, వచ్చే ఏడు లోపల్లోపల విసుక్కుంటారు, ఆపై ఏడు విడిపోతారు. లెక్క ప్రకారమే ఇవ్వండి. కానీ నాకొక సాయం కావాలి. ఉత్తినే కాదు. లోతు పెరుగుతోంది కదా, ఇంకాస్త పెద్ద ఓడ కొంటాను. నా ఒక్కదాని మొహం చూసి బ్యాంకు అప్పివ్వదు. మీరిద్దరూ పూచీ ఉండండి. నా ఓడ వస్తే మీకూ పెరుగుతుందో లేదో అమ్మాయినడగండి."

ఇద్దరూ అమ్మాయి వైపు తిరిగారు. ఆమె అప్పటికే పెన్ను తీసింది. కాసేపటికి తలెత్తి, "పెరుగుతుంది," అంది. "ముగ్గురికీ."

"నువ్వు ఊరికే మంచిమాట చెప్పడం లేదుగా?" అన్నాడు పెద్దాయన.

"చెప్పడం నాకొచ్చా నాన్నా?"

బ్యాంకులో పూచీ కాగితాల మీద పెద్దాయన ముందు సంతకం పెట్టాడు, తర్వాత మేనమామ. బయటికొచ్చాక మెట్ల మీదే ఏ ఓడ కొనాలన్న చర్చ మొదలైంది. క్రేను ఉన్న ఓడ కొనమన్నాడు పెద్దాయన. క్రేను కంటే ఇంజను ముఖ్యమన్నాడు మేనమామ. "నీకు ఇంజన్ల గురించి ఎవరు నేర్పార్రా," అన్నాడు పెద్దాయన. "మీరే," అన్నాడు అతను. ఇద్దరి మధ్యా నిలబడ్డ కెప్టెనమ్మ ఇద్దరి మాటా వినకుండా, తను చూసి పెట్టుకున్న ఓడ ఫొటో ఫోన్లో తీసి అమ్మాయికి చూపించింది. అడుగు వెడల్పుగా, ముందుభాగం మొద్దుగా, చూడటానికి ఏమంత అందంగా లేని ఓడ.

"ఎన్ని పెట్టెలు పడతాయి పిన్నీ?" అంది అమ్మాయి, ఎండకి చెయ్యి అడ్డుపెట్టుకుని ఫొటోలోకి వంగి చూస్తూ.